శుక్లపటలంలో కొత్త రక్తనాళాలు : ఒక వివాద చరిత్ర

కంటి ముందుభాగాన పారదర్శకంగా ఉండే శుక్లపటలం (కార్నియా)లో రక్తనాళాలు ఉండవు. దానికి ఆమ్లజని ప్రధానంగా కన్నీటి పొర ద్వారా గాలి నుండి, గ్లూకోజు లోపలి నేత్రోదకం నుండి అందుతాయి. నాళాలు లింబస్ అనే అంచు వలయం వద్దనే ఆగిపోతాయి. సున్నం వంటి క్షారం పడినప్పుడు, ట్రకోమా, హెర్పిస్ వంటి వ్యాధులు సోకినప్పుడు ఆ హద్దు చెరిగి నాళాలు లోపలికి పాకుతాయి. చూపు మసకబారుతుంది. తరువాత కార్నియా మార్పిడి చేసినా శరీరం దానిని తిరస్కరించే ప్రమాదం ఎక్కువవుతుంది. ఈ పెరుగుదలకు మూలం శోథ (ఇన్‌ఫ్లమేషన్) అని నేటి పాఠ్యగ్రంథాలు ఒక్క వాక్యంలో తేల్చివేస్తాయి. ఆ వాక్యం కుదురుకోవడానికి దశాబ్దాల వివాదం అవసరమైంది.

వివాదానికి 1949వ సంవత్సరం ముఖ్యమైనది. ఆ ఏడు క్యాంప్‌బెల్, మైకేల్సన్ కుందేళ్ల కార్నియాపై లింబస్‌కు వేర్వేరు దూరాలలో చిన్న కాలిన గాయాలు చేశారు. గాయం అంచుకు దగ్గరగా ఉన్నప్పుడు నాళాలు వచ్చాయి. బాగా దూరమైతే రాలేదు. గాయం నుండి ఏదో ఒక రసాయన కారకం వ్యాపించి నాళాలను పిలుస్తున్నదని వారు ఊహించారు. అదే ఏడు డేవిడ్ కోగన్ వేరొక సిద్ధాంతం ప్రతిపాదించాడు: కార్నియా నీరుపట్టి ఉబ్బినప్పుడు దాని బిగువు సడలుతుంది, ఆ సందులోకి నాళాలు చొరబడతాయి. తెలుగులో ఉబ్బుకూ శోథకూ కూడా ‘వాపు’ అనే మాటే వాడుతుంటాం గనుక ఈ భేదం మనకు తేలికగా జారిపోతుంది. కాని వివాదమంతా ఆ భేదం మీదనే నిలిచి ఉంది. అంతఃస్తరం దెబ్బతిని కార్నియా చాలాకాలం ఉబ్బి ఉన్నా నాళాలు రాని రోగులు వైద్యులకు తెలిసినవారే. కనుక ఉబ్బు దారి ఇవ్వవచ్చునేమో గాని, పిలుపు దానిది కాదనే నా అభిప్రాయం.

మరి పిలిచేది ఎవరు? 1975-76లో ఫ్రోమర్, క్లింట్‌వర్త్ ఎలుకలలో రేడియేషన్‌తో తెల్లరక్తకణాలను తగ్గించి, సిల్వర్ నైట్రేట్‌తో కార్నియాను గాయపరిచారు. నాళాలు రాలేదు. తెల్లకణాలు లేనిదే నాళాలు లేవన్నది వారి నిర్ణయం. 1978లో షోలీ, గింబ్రోన్, కోట్రాన్ ఇటువంటి ప్రయోగమే చేసి, తక్కువగానైనా నాళాలు వచ్చాయని చూపారు. రెండు ఫలితాలనూ కలిపి చదివితే తెల్లకణం ఏకైక కారణం కాదు, బలమైన ప్రేరకం అనుకోవలసి వస్తుంది. ఈ రెంటి నడుమ, 1977లో ఉత్తేజిత మ్యాక్రోఫేజులు గినీపందుల కార్నియాలో నాళాలను మొలిపించగలవని పోల్వెరీని బృందం నిరూపించింది.

ఇక్కడ ఒక వైచిత్రి గమనించదగినది. కణితికి రక్తనాళాలు అవసరమని 1971లో వాదించిన జూడా ఫోక్‌మన్ బృందం, 1974లో కుందేలు కార్నియాలో చిన్న సంచి వంటి చోటు చేసి కణితి ముక్కను అమర్చింది. నాళాలు లేని కణజాలంలో కొత్తగా కనిపించిన నాళమేదైనా కణితి పనే అనగలగాలి. అందుచేత శోథ కనిపించని కార్నియాలే వారికి నమ్మదగిన సాక్ష్యం. కంటి వైద్యునికి అసలు విషయమైన శోథ, క్యాన్సర్ పరిశోధకునికి తొలగించవలసిన కల్మషమైంది. ఈ రంగపు చరిత్రను ఫోక్‌మన్‌తో మొదలుపెట్టే అలవాటు వల్ల 1949 నాటి నేత్రవైద్యులు మరుగున పడ్డారు.

మైకేల్సన్ ఊహించిన కారకానికి తగిన అణువు 1989లో వేరుచేసిన వీఈజీఎఫ్ రూపంలో దొరికింది. 2004లో కర్సీఫెన్ బృందం, అది మ్యాక్రోఫేజులను రప్పించి రక్తనాళాలనూ శోషరసనాళాలనూ పెంచుతుందని ఎలుకలలో చూపింది. అంటే పిలిచినవాడే పిలిచేవారిని పోగుచేస్తున్నాడు. మరి ఆరోగ్యవంతమైన కార్నియా ఎందుకు ఖాళీగా ఉంటుంది? 2006లో అంబటి సోదరుల బృందం సమాధానమిచ్చింది: కార్నియా వీఈజీఎఫ్‌ను పట్టి ఉంచే కరిగే గ్రాహకాన్ని తయారుచేసుకుంటుంది. దానిని నిర్వీర్యం చేస్తే ఎలుక కార్నియాలో నాళాలు వచ్చాయి. కార్నియాలో సహజంగానే నాళాలున్న మానటీ అనే జలచరంలో ఆ గ్రాహకం లేదు.

చికిత్స మాత్రం సిద్ధాంతం కోసం ఆగలేదు. కార్టిసోన్ కుందేలు కార్నియాలో నాళాలను అణచివేస్తుందని 1950లోనే ప్రకటితమైంది. నేటి వీఈజీఎఫ్ నిరోధక మందులు లేత నాళాలపై బాగా పనిచేస్తాయి; చుట్టూ పెరిసైట్ కణాలు చేరి ముదిరిన నాళాలపై వాటి ప్రభావం స్వల్పం.