మస్కట్‌లో జూనియర్ హాకీ: రూవి నుంచి చూసిన ఆట

జూనియర్ హాకీ అంటే 21 ఏళ్ల లోపు ఆటగాళ్లు దేశం తరఫున ఆడే హాకీ. ఒమన్‌లో ఈ ఆట చూసే అవకాశం 2020ల్లో ఊపందుకుంది. పురుషుల జూనియర్ ఆసియా కప్ 2023లో సలాలాలో జరిగింది. 2024లో పురుషుల కప్, మహిళల కప్ రెండూ మస్కట్‌కు వచ్చాయి. అక్కడ ఉంటున్న భారతీయులు, పాకిస్థానీలు, బంగ్లాదేశీలు తమ దేశపు రేపటి జట్టును మైదానంలోనే చూడగలిగారు. సరిగ్గా ఆ చలికాలంలోనే ఇండియాలో డబ్బున్న హాకీ ఇండియా లీగ్ ఏడేళ్ల తర్వాత మళ్లీ మొదలైంది, అంతకు ముందే ఆ జూనియర్ ఆటగాళ్లలో కొందరిని వేలంలో కొనుక్కుంది. దాంతో ఒకే ఆటగాడిని కొన్ని వారాల తేడాలో రెండు రకాల హాకీలో పోల్చి చూసే వీలు దొరికింది.

రూవి, చుట్టుపక్కల

రూవి మస్కట్ నగరపు పాత వ్యాపార కేంద్రం. అక్కడి బైత్ అల్ ఫలజ్ కోట ఒకప్పుడు సుల్తాన్ సైన్యానికి ప్రధాన స్థావరం. దాని పక్కనున్న చిన్న విమానాశ్రయమే 1973 దాకా మస్కట్‌కు దిక్కు. సీబ్‌లో కొత్త విమానాశ్రయం వచ్చాక రూవి లోయ బ్యాంకులు, బట్టల కొట్లు, నగల దుకాణాలు, బస్ స్టేషన్‌తో నిండిపోయింది. ఉపఖండం నుంచి పనికి వచ్చినవాళ్లకు రూవి హై స్ట్రీట్ సొంత ఊరి బజారులాంటిది. తెలుగు, మలయాళం, ఉర్దూ, బలూచీ, బెంగాలీ అన్నీ అక్కడ ఒకే ఫుట్‌పాత్ మీద వినిపిస్తాయి.

ఒమన్ హాకీకి ఉపఖండంతో ఉన్న చుట్టరికం పాతది. ఇప్పుడు పాకిస్థాన్‌లో ఉన్న గ్వాదర్ 1958 దాకా ఒమన్ సుల్తాన్ ఏలుబడిలోనే ఉండేది. అటు నుంచి వచ్చిన బలూచీ కుటుంబాలు తరాలుగా మస్కట్‌లో స్థిరపడ్డాయి. గల్ఫ్‌లో ఫుట్‌బాల్‌దే రాజ్యమైనా ఒమన్ ఆసియా హాకీ పోటీలను వదల్లేదు. గెలుపుల లెక్క మాత్రం వేరు. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో ఇండియా 7-0తో, 2018 అక్టోబరులో మస్కట్‌లోనే 11-0తో ఒమన్‌ను ఓడించింది.

ఆ 2018 మ్యాచ్ ఆసియా ఛాంపియన్స్ ట్రోఫీలోది. బౌషర్‌లోని సుల్తాన్ కాబూస్ స్పోర్ట్స్ కాంప్లెక్స్‌లో సీనియర్ జట్లు ఆడిన టోర్నీ అది. అక్టోబరు 28, ఆదివారం, ఇండియా, పాకిస్థాన్ ఫైనల్ ఆడాల్సి ఉండగా వాన అడ్డొచ్చి, ఒక్క బంతి కూడా కదలకుండానే రెండు జట్లనూ సంయుక్త విజేతలుగా ప్రకటించారు. మస్కట్‌లో వాన పడే రోజులే తక్కువ. అందులో ఒకటి సరిగ్గా ఫైనల్ నాడే వచ్చింది.

2024 టోర్నీల నాటికి కేంద్రం అమరాత్‌లోని హాకీ ఒమన్ స్టేడియానికి మారింది. రూవి నుంచి వాదీ అదై మీదుగా, కొండల మధ్య దారిలో అక్కడికి వెళ్తారు. తెలుగువాళ్లకు ఆ దారి కొత్తది కాదు. 2021 టీ20 ప్రపంచ కప్ మ్యాచ్‌లు జరిగిన క్రికెట్ మైదానం కూడా అమరాత్‌లోనే ఉంది.

హైదరాబాద్ నేపథ్యం

తెలుగు ప్రేక్షకుడు హాకీకి కొత్తవాడు అనుకోవడం పొరపాటు. సికింద్రాబాద్ కంటోన్మెంట్, రైల్వే, పోలీసు జట్ల వల్ల ఆ ఆట హైదరాబాద్‌లో తరాలుగా నిలిచింది. అదే నగరం నుంచి వచ్చిన ఎన్. ముకేశ్ కుమార్ 1992, 1996, 2000 ఒలింపిక్స్‌లో ఆడాడు. 2003 ఆఫ్రో ఏషియన్ క్రీడలు హైదరాబాద్‌లో జరిగినప్పుడు పురుషుల హాకీ ఫైనల్‌లో ఇండియా పాకిస్థాన్‌ను ఓడించింది.

తర్వాత ఐదేళ్లలో ఆ నగరం రెండు రకాల హాకీనీ చూసింది. 2005లో ప్రీమియర్ హాకీ లీగ్ మొదటి సీజన్ గచ్చిబౌలిలో జరిగితే, గెలిచింది ఆతిథ్య జట్టు హైదరాబాద్ సుల్తాన్స్. మ్యాచ్‌ను నాలుగు భాగాలుగా విడగొట్టి, మధ్యలో విరామాలు పెట్టి, టీవీ కోసం ఆటను కొత్తగా కత్తిరించిన లీగ్ అది. అప్పట్లో ముక్కు విరిచినవాళ్లు ఉన్నారు గానీ, 2014 నుంచి అంతర్జాతీయ సమాఖ్య కూడా పెద్ద పోటీల్లో 15 నిమిషాల క్వార్టర్లు తెచ్చింది. 2008లో జూనియర్ ఆసియా కప్ హైదరాబాద్‌కు వచ్చింది. ఫైనల్‌లో ఇండియా 3-2తో దక్షిణ కొరియాను ఓడించి కప్ నిలబెట్టుకుంది. 2004లో కరాచీలో గెలిచిన కప్ అది.

ఒమన్‌కు వచ్చిన జూనియర్ కప్‌లు

పురుషుల జూనియర్ ఆసియా కప్ 1988లో మొదలైంది. తొలి దశాబ్దం పాకిస్థాన్‌ది. తర్వాత ఇండియా పైచేయి సాధించింది. 2015లో మలేసియాలోని క్వాంటన్‌లో పాకిస్థాన్ మీద ఫైనల్ గెలిచినప్పుడు నాలుగు గోల్స్ కొట్టిన కుర్రాడు హర్మన్‌ప్రీత్ సింగ్. తర్వాత సీనియర్ జట్టు కెప్టెన్ అయ్యాడు. తొమ్మిదేళ్ల తర్వాత లీగ్ వేలంలో అతనికి పలికిన ధర 78 లక్షల రూపాయలు.

2023 జూన్ 1న సలాలాలో ఫైనల్ మళ్లీ ఇండియా, పాకిస్థాన్ మధ్యే. అంగద్‌బీర్ సింగ్, అరైజీత్ సింగ్ హుందల్ మొదటి సగంలోనే చెరో గోల్ కొట్టారు. పాకిస్థాన్ ఒకటి తిరిగిచ్చింది. 2-1. చివరి నిమిషాలంతా పాకిస్థాన్ దాడే, అయినా కప్ ఇండియాదే. మస్కట్ నుంచి సలాలా దాదాపు 1,000 కిలోమీటర్లు కాబట్టి రూవి వాసుల్లో ఎక్కువమందికి అది ఫోన్‌లో చూసిన మ్యాచే.

2024లో ఆ దూరం తగ్గింది. నవంబరు 26 నుంచి డిసెంబరు 4 దాకా పది జట్లు మస్కట్‌లో ఆడాయి. ఇండియా కోచ్ పి.ఆర్. శ్రీజేష్. ప్యారిస్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచి గోల్‌కీపర్‌గా ఆట మానేసి నాలుగు నెలలైనా కాలేదు. ఇండియా థాయ్‌లాండ్‌ను 11-0తో, చైనీస్ తైపీని 16-0తో చిత్తు చేసింది. జపాన్ మీద మాత్రం 3-2తో గట్టెక్కింది. కొన్ని రోజుల తేడాలో వచ్చిన 16-0, 3-2 చూస్తే జూనియర్ హాకీ స్వభావం అర్థమవుతుంది. జట్ల మధ్య అంతరం అపారం, మంచి జట్టులోనూ రోజుకో తీరు.

పాకిస్థాన్‌తో ఫైనల్ బుధవారం పడింది. ఒమన్‌లో 2013 మే నుంచి వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. అంటే మర్నాడు పనికి వెళ్లాల్సినవాళ్లే ఆ సాయంత్రం ప్రేక్షకులు. మూడో నిమిషంలోనే హన్నాన్ షాహిద్ పాకిస్థాన్‌కు గోల్ కొట్టాడు. ఒక్క నిమిషం తిరక్కుండా అరైజీత్ సమం చేశాడు. 18వ నిమిషంలో అతనే ఇంకొకటి, 19లో దిల్‌రాజ్ సింగ్ మరొకటి. ఇక్కడితో అయిపోయిందనుకున్న దశలో సుఫియాన్ ఖాన్ 30, 39 నిమిషాల్లో రెండు గోల్స్ కొట్టి 3-3 చేశాడు. చివరి క్వార్టర్‌లో 47, 54 నిమిషాల్లో మళ్లీ అరైజీత్. 5-3. ఒకే ఫైనల్‌లో ఒకే కుర్రాడి నాలుగు గోల్స్. 2015లో హర్మన్‌ప్రీత్ చేసిన పనే.

మూడు రోజులకే అమ్మాయిల కప్ మొదలైంది. డిసెంబరు 15న ఫైనల్‌లో ఇండియా, చైనా 1-1తో నిలిచాయి. షూటౌట్‌లో ఒక్కొక్కరికి 8 సెకన్లు. గీత దగ్గర నుంచి బంతి తోసుకుంటూ వచ్చి గోల్‌కీపర్‌ను దాటించాలి. ఇండియా గోల్‌కీపర్ నిధి మూడు ఆపింది. జ్యోతి సింగ్ కెప్టెన్సీలో ఇండియా 3-2తో కప్ నిలబెట్టుకుంది. ఆ నెల మొత్తంలో అతి ఉద్విగ్నమైన పది నిమిషాలు అవేనన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం. పురుషుల ఫైనల్‌కు దక్కిన ప్రచారంలో సగం కూడా దీనికి దక్కకపోవడం అన్యాయం.

లీగ్ ఆట, జూనియర్ ఆట

2013లో మొదలై 2017లో ఆగిపోయిన హాకీ ఇండియా లీగ్ 2024 డిసెంబరు 28న మళ్లీ తెరుచుకుంది. ఆటగాళ్ల వేలం అంతకు ముందే, అక్టోబరులో ముగిసింది. విశాఖపట్నం పేరు మీద బరిలోకి దిగిన టీమ్ గోనాసిక 42 లక్షలకు అరైజీత్ హుందల్‌ను కొనుక్కుంది. కాబట్టి మస్కట్ ఫైనల్ ఆడే నాటికే అతను విశాఖ జట్టు ఆటగాడు. ఇంకో తెలుగు జట్టు హైదరాబాద్ తూఫాన్స్ ఫైనల్ దాకా వెళ్లి, 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో 4-3తో బెంగాల్ టైగర్స్ చేతిలో ఓడింది. ఒమన్ గడియారం ఇండియా కంటే గంటన్నర వెనక కాబట్టి, రాత్రి మ్యాచ్‌లు రూవిలో పని దిగే వేళకు టీవీలో వచ్చేవి.

రెండింటినీ వెంటవెంటనే చూసినవారికి మొదట కనిపించే తేడా పెనాల్టీ కార్నర్ దగ్గర. లీగ్‌లో బెల్జియం, జర్మనీ, నెదర్లాండ్స్ ఒలింపియన్లు ఉంటారు. గోల్ గీత నుంచి బంతి నెట్టడం, దాన్ని ఆపడం, కర్రతో లాగి గోల్‌లోకి విసిరే డ్రాగ్ ఫ్లిక్ మూడూ ఒకే ఊపులో జరిగిపోతాయి. ఎదురు పరుగెత్తే డిఫెండర్‌కు ఏ మూల ఖాళీ ఉంటుందో ముందే తెలుసు. జూనియర్ మ్యాచ్‌లో అదే కార్నర్‌కు బంతి అర అడుగు పక్కకు ఆగుతుంది, ఫ్లిక్ కొట్టేవాడు అడుగు మార్చుకుంటాడు, ఆ అరక్షణంలో డిఫెండర్ మీదకొచ్చేస్తాడు. రెండో దెబ్బ, మూడో దెబ్బ, గోల్ ముందు తొక్కిసలాట. చూసేవాడికి ఊపిరాడదు. నేర్చుకునేవాడికి అక్కడే పాఠం ఉంది. బంతి ఎందుకు ఆగలేదో కంటికి కనిపిస్తుంది. లీగ్‌లో అన్నీ కుదురుతాయి కాబట్టి ఏది ఎలా కుదిరిందో తెలియదు.

రెండో తేడా ఓపిక. సీనియర్ ఆటగాడు ఆధిక్యం వచ్చాక బంతిని వెనక్కి తిప్పి గడియారాన్ని నడిపిస్తాడు. కుర్రాళ్లకు ఆ ఓపిక ఇంకా అబ్బదు. 3-1లో ఉన్నా నాలుగో గోల్ కోసం పరుగెడతారు, వెనక ఖాళీలు వదులుతారు. మస్కట్ ఫైనల్ 3-3 అయిందంటే అందులో పాకిస్థాన్ పట్టుదలతో పాటు ఈ ఖాళీల వాటా కూడా ఉంది. మూడోది జెండా. ఫ్రాంచైజీ జట్టులో ఇండియన్, ఆస్ట్రేలియన్ ఒకే చొక్కా వేసుకుంటారు. సీజన్ మారితే చొక్కా మారుతుంది. జూనియర్ ఆటగాడికి వయసు గడువు ఉంది కాబట్టి ఆ చొక్కాలో ఫైనల్ ఆడే అవకాశం ఒకటో రెండో సార్లే వస్తుంది. లీగ్‌లో నైపుణ్యం ఎక్కువ, కాదనలేం. టికెట్ ఒక్కదానికే డబ్బుంటే జూనియర్ మ్యాచ్‌కే వెళ్లాలన్నది ఈ వ్యాసకర్త మాట.

మంచు మీద ఇదే కథ

ఈ తేడా గురించి ప్రపంచంలో ఎక్కువ చర్చ జరిగింది ఐస్ హాకీలో. 20 ఏళ్ల లోపువారి ప్రపంచ పోటీ 1977 నుంచి అధికారికంగా నడుస్తోంది. ఏటా సాధారణంగా డిసెంబరు 26న మొదలై, కెనడాలో క్రిస్మస్ సెలవుల ఇంటింటి అలవాటుగా మారింది. వృత్తి లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక్కో జట్టు ఎనభైకి పైగా మ్యాచ్‌లు ఆడాకే నాకౌట్, అక్కడ కూడా ఏడు మ్యాచ్‌ల సిరీస్. జూనియర్ పోటీ రెండు వారాల్లోపే తేలిపోతుంది, నాకౌట్‌కు వచ్చాక ఒక్క ఓటమితో కప్ ఆశ పోయినట్టే. ఎన్‌హెచ్‌ఎల్‌లో కొట్లాటకు ఐదు నిమిషాల శిక్ష పడుతుంది. అంతర్జాతీయ నిబంధనల్లో మ్యాచ్ నుంచే బయటికి పంపుతారు. 2023 జనవరిలో హాలిఫాక్స్‌లో కెనడా కప్ గెలిచినప్పుడు కానర్ బెడార్డ్ 7 మ్యాచ్‌ల్లో 23 పాయింట్లు సాధించాడు. ఆ వేసవిలోనే షికాగో జట్టు అతన్ని మొదటి ఎంపికగా తీసుకుంది, జూనియర్ పోటీలో మళ్లీ కనిపించలేదు. వృత్తి ఆట తీసుకుపోయే ముందు చివరిసారి చూసే చోటు అది.

మస్కట్‌లో మంచు అంటే వినోద కేంద్రాల్లోనే. అయినా ఐస్ హాకీ వాసన ఒకటి అమరాత్‌కు చేరింది. హాకీ5ఎస్ అనే ఐదుగురి ఆటలో మైదానం చుట్టూ చెక్కలు ఉంటాయి. ఐస్ హాకీలో బంతి బదులు వాడే బిళ్ల, పక్, గోడకు తగిలి తిరిగొచ్చినట్టే బంతి వాటికి తగిలి తిరిగొస్తుంది, ఆట ఆగదు. ఇది 2014 నాంజింగ్ యువ ఒలింపిక్స్‌లో కుర్రకారు ఆటగా తెరమీదికొచ్చి, 2018లో బ్యూనస్ ఐరిస్‌లో ఇండియా అబ్బాయిలకు, అమ్మాయిలకు రజతాలు తెచ్చి, 2024 జనవరిలో మస్కట్‌లో తొలి ప్రపంచ కప్ దాకా ఎదిగింది. అక్కడ ఇండియా మహిళల కెప్టెన్ రజని ఎతిమరపు. చిత్తూరు జిల్లా పల్లె నుంచి వచ్చిన గోల్‌కీపర్. సెమీఫైనల్‌లో దక్షిణాఫ్రికాను ఓడించిన ఆ జట్టు, జనవరి 27 శనివారం, ఫైనల్‌లో 2-7తో నెదర్లాండ్స్ చేతిలో ఓడింది. ఒమన్‌లో జరిగిన ప్రపంచ కప్ ఫైనల్‌లో ఒక తెలుగు అమ్మాయి ఇండియాకు నాయకత్వం వహించిన సంగతి మన పత్రికల్లో ఇంకా గట్టిగా రావాల్సింది.

2025 తర్వాత

2025 పురుషుల జూనియర్ ప్రపంచ కప్‌ను తొలిసారి 24 జట్లతో చెన్నై, మదురైలలో జరిపారు. పాకిస్థాన్ తప్పుకోవడంతో ఆ చోటు ఒమన్‌కు దక్కింది. ఒమన్ కుర్రాళ్లు ఇండియా ఉన్న గ్రూప్‌లోనే పడి, నవంబరు 29న 17-0తో ఓడారు. ఇండియా సెమీఫైనల్‌లో జర్మనీ చేతిలో ఓడి, అర్జెంటీనాపై 4-2తో కాంస్యం తెచ్చుకుంది. కప్ జర్మనీదే. రూవిలో ఉండే తెలుగువాళ్లకు ఆ 17-0 ఒక వింత మ్యాచ్. ఒక వైపు సొంత దేశం, ఇంకో వైపు అన్నం పెడుతున్న దేశం. ఒమన్ జట్టుకు అది ప్రపంచ స్థాయిలో ఆడే అవకాశం. అలాంటి మ్యాచ్‌లు మరికొన్ని ఆడితే తప్ప అమరాత్ టర్ఫ్ మీద పెరిగే పిల్లలకు 17-0కీ 3-2కీ మధ్య దూరం తగ్గదు.