తుపాకీ మరలకు తాళం

1860 జూలై 2. లండన్ శివార్లలోని వింబుల్డన్ మైదానం. నేషనల్ రైఫిల్ అసోసియేషన్ తొలి పోటీలను విక్టోరియా రాణి ప్రారంభించాలి. స్టాండు మీద రైఫిల్‌ను ముందే గురిపెట్టి కదలకుండా బిగించారు. ట్రిగ్గరుకు పట్టుతాడు కట్టారు. రాణి ఆ తాడు లాగింది. 400 గజాల దూరంలో ఉన్న గురికి సరిగ్గా నడిమధ్య నుంచి అంగుళంపావు ఎడంలో తూటా తగిలింది. రాణిగారి గురి అని పత్రికలు మురిసిపోయాయి కానీ, ఆ ఘనత చాలావరకు పక్కన నిలబడ్డ జోసెఫ్ విట్‌వర్త్‌ది. రైఫిల్ ఆయన చేసిందే. గొట్టం లోపలి రంధ్రం గుండ్రంగా కాక ఆరు పలకలుగా మెలితిరిగి ఉంటుంది. అప్పటి సైన్యం వాడే ఎన్‌ఫీల్డ్‌లో ఒక మెలికకు 78 అంగుళాలు పడితే, ఇందులో 20 అంగుళాలే. పరీక్షల్లో ఎన్‌ఫీల్డ్‌ను చిత్తుగా ఓడించింది. అయినా ఖరీదు ఎక్కువని, మసి పడితే మొరాయిస్తుందని సైన్యం వద్దంది.

విట్‌వర్త్ పేరు నిలిచింది మాత్రం రైఫిల్ వల్ల కాదు, మరల వల్ల. లండన్‌లో హెన్రీ మాడ్స్‌లే దగ్గర పని నేర్చుకుని, 1833లో మాంచెస్టర్‌లో సొంత దుకాణం పెట్టాడు. ఆ రోజుల్లో ఏ వర్క్‌షాపు బోల్టు ఆ వర్క్‌షాపుదే. ఒకచోట చేసిన నట్టు ఇంకోచోట చేసిన బోల్టుకు ఎక్కదు. విట్‌వర్త్ ఇంగ్లండ్‌లోని పేరున్న వర్క్‌షాపుల నుంచి బోల్టులు సేకరించి కొలిచి, సగటు కట్టి, 1841లో అందరికీ ఒకే కొలత ప్రతిపాదించాడు. చుట్టు కోణం 55 డిగ్రీలు. పావంగుళం బోల్టుకైతే అంగుళానికి 20 చుట్లు. అమెరికాలో విలియం సెల్లర్స్ 1864లో 60 డిగ్రీల కోణంతో వేరే దారి పట్టాడు. రెండో ప్రపంచయుద్ధంలో ఈ తేడా మిత్రదేశాల ప్రాణం తీసింది. 1948లో గానీ బ్రిటన్, అమెరికా, కెనడా ఒక మాట మీదికి రాలేదు. గెలిచింది 60 డిగ్రీలే. అయితే పావంగుళం బోల్టుకు అంగుళానికి 20 చుట్లన్న లెక్క మాత్రం అలాగే ఉండిపోయింది. మన ఫొటోగ్రాఫర్ల ట్రైపాడ్ మీద కెమెరాను పట్టి ఉంచే స్క్రూది నేటికీ అదే లెక్క.

ఎవరి నట్టయినా ఎవరి బోల్టుకైనా ఎక్కాలంటే రెండింటి మధ్యా కాస్త సందు వదలాలి. పాతకాలపు పనివాడు నట్టునూ బోల్టునూ జతగా అరగదీసి, ఒకదానికొకటి అతికినట్టు చేసేవాడు. కొలత ఉమ్మడిదయ్యాక ఆ అతుకు పోయింది. వెంట్రుకవాసి సందు మిగిలింది. తుపాకీ పనివాళ్లకు ఆ సందుతో అప్పటి నుంచీ పేచీయే. పేలిన ప్రతి తూటా తుపాకీ మొత్తాన్నీ ఒక్క కుదుపు కుదుపుతుంది మరి.

మర వదులవకుండా ఆపడం చేతకానప్పుడు, వదులైన సంగతి కనిపెట్టడమైనా రావాలి. లండన్ తుపాకీ మేస్త్రీలు పట్టుకున్న కిటుకు అదే. మేలిరకం వేటతుపాకీల మీద ప్రతి స్క్రూ తల గాడీ గొట్టం పొడవు వెంట ఒకే వరసలో ఉంటుంది. చుట్టూ చెక్కిన లతలు, పువ్వులు స్క్రూ తల మీదుగా కూడా తెగకుండా సాగిపోతాయి. చూడ్డానికి సోకులా ఉంటుంది. కానీ స్క్రూ పిసరంత తిరిగిందా, గాడి పక్కకు వాలుతుంది, పువ్వు రేకు తెగుతుంది. చీకట్లో తప్ప దాన్ని దాచలేం. ఇవాళ ఇంజినీర్లు నట్టు మీద రంగు గీత గీసి చేసేది ఇదే పని, కాకపోతే అందం లేకుండా. జర్మన్లకు ఇంత ఓపిక లేదు. 1898 మౌజర్ రైఫిల్ అడుగున పెద్ద స్క్రూల పక్కనే ఒక్కో బుల్లి స్క్రూ పెట్టారు. దాని తల పెద్దదాని అంచున ఉన్న గంటులో కూర్చుని, తిరగనివ్వకుండా కాపలా కాస్తుంది.

మిగతా లోకం స్ప్రింగ్ వాషర్‌ను నమ్ముకుంది. మన మెకానిక్ షెడ్లలో ఇప్పటికీ అదే నమ్మకం. కానీ బిగించాక ఆ వాషర్ చదునుగా నలిగిపోతుంది. ఆ తర్వాత అది మామూలు బిళ్లకన్నా ఎక్కువేమీ చేయదని, పట్టి ఉంచే శక్తి దానికి లేనే లేదని 1990లో వెలువడిన నాసా ఫాస్టెనర్ల పుస్తకం కుండబద్దలు కొట్టింది.

బోల్టులు వదులవడానికి అసలు కారణం 1969లో గెర్‌హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజినీరు చూపించాడు. అంతకుముందు అందరి కళ్లూ బోల్టు పొడవునా వచ్చే కుదుపుల మీదే ఉండేవి. యుంకర్ తన యంత్రంలో బోల్టును అడ్డంగా, అటూ ఇటూ కదిపాడు. పూర్తిగా బిగించిన బోల్టు చూస్తుండగానే తనంతట తానే తిరిగి వదులైపోయింది. బోల్టును బిగించడమంటే దాన్ని స్ప్రింగులా కొద్దిగా సాగదీయడం. అది వెనక్కి తిరగకుండా ఆపేది చుట్ల మధ్య, తల కింద ఉండే రాపిడి. భాగాలు అడ్డంగా జారిన ఆ క్షణంలో, సందు ఉన్నంత మేర చుట్లు కూడా జారతాయి, రాపిడి పట్టు సడలుతుంది. చుట్టు ఎలాగూ ఏటవాలే కదా, లాగిపట్టిన బోల్టు ఆ వాలు వెంట కిందికి దిగుతుంది.

సందునే పూడ్చేస్తే? ఆ పని ఒక రసాయన శాస్త్రవేత్త చేశాడు. జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో ఒక వింత ద్రవం పడి ఉండేది. గాలి తగులుతున్నంతసేపూ నీళ్లలా ఉండి, గాలి ఆడకపోతే గట్టిపడుతుంది. నిల్వ ఉంచాలంటే అందులోకి గాలి బుడగలు ఎక్కిస్తూనే ఉండాలి. అలాంటి సరుకు ఎవరు కొంటారు? అక్కడ పనిచేసే రాబర్ట్ క్రీబుల్ ఈ సంగతి తండ్రి చెవిన వేశాడు. తండ్రి వెర్నన్ క్రీబుల్ హార్ట్‌ఫర్డ్‌లోని ట్రినిటీ కాలేజీలో కెమిస్ట్రీ ప్రొఫెసర్. 1953లో ఆయన ఆ ద్రవాన్ని సీసాలో నిలవుండేలా దారికి తెచ్చి, కంపెనీ పెట్టాడు. లాక్‌టైట్ అన్న పేరు కోడలు నాన్సీ సూచించిందట. చుట్ల సందులో గాలి ఉండదు, పైగా లోహం ఊతమిస్తుంది. ద్రవం గట్టి ప్లాస్టిక్‌గా మారి సందంతా నిండిపోతుంది. ఆ సీసా సగమే నిండి ఉంటుందని కొన్నవాళ్లు సణుగుతుంటారు. మిగతా సగంలో ఉన్న గాలి కూడా సరుకులో భాగమే!

యూజీన్ స్టోనర్ రూపొందించిన ఏఆర్-15 రైఫిల్‌ను విడిభాగాలుగా కొని ఇంట్లోనే బిగించుకునే అమెరికన్ అభిరుచిగాళ్ల బల్ల మీద ఆ సీసా తప్పనిసరి. (మన దగ్గర 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా ఆ పని చేస్తే కటకటాలే.) నీలం రంగుదైతే మామూలు పానాతో విప్పొచ్చు. ఎర్రది వేస్తే దాదాపు 250 డిగ్రీల సెల్సియస్ దాకా కాల్చాలి. టెలిస్కోప్ పట్టీల చిన్న స్క్రూలకు ఎర్రది పూసినవాడికి స్కోప్ దక్కదు. ఇంకా పెద్ద పొరపాటు, ద్రవం ఉంది కదా అని బిగింపులో అశ్రద్ధ చూపడం. సాగని బోల్టును ఏ జిగురూ కాపాడదు. అందుకే అనుభవమున్నవాళ్లు ముందు టార్క్ రెంచి కొంటారు, తర్వాతే సీసా.

ఆ సీసా పనికిరాని చోటు కూడా అదే రైఫిల్‌లో ఉంది. లోపల ముందుకూ వెనక్కూ కదిలే బోల్ట్ క్యారియర్ అనే భాగం నెత్తిన బుల్లి గొట్టం, దాన్ని పట్టి ఉంచే రెండు స్క్రూలు. తూటా పేలగానే మండే గ్యాస్ ఆ గొట్టంలోకే దూసుకొస్తుంది. ఆ సెగకు జిగురు పట్టు తప్పుతుంది. స్క్రూ కాస్త లేస్తే గ్యాస్ పక్కకు పోయి తుపాకీ ఆగిపోతుంది. అందుకని స్క్రూ బిగించాక పక్కనున్న ఉక్కునే పంచ్‌తో కొట్టి, స్క్రూ తల అంచుల మీదికి తోస్తారు. కొత్తగా కొన్నవాళ్లు ఆ గాట్లు చూసి, దెబ్బతిన్న సరుకు అంటగట్టారని దుకాణానికి తిరిగి పంపుతుంటారు. అనుభవమున్నవాళ్లు గాట్లు లేకపోతే పంపుతారు.