తిరుమల రామచంద్రగారి గ్రంథములు

అనంతపురమండలము పశ్చిమ కనుమల వర్షచ్ఛాయలోనున్న కరవుసీమ. అచట వేదవతీతీరమున ఇసుకమేటలు పొలములపైకి ప్రాకి మరుభూమిని దలపించుచుండును. తిరుమల రామచంద్రగారు 1913లో ఈ మండలముననే జన్మించి, పత్రికారచయితగను బహుభాషావేత్తగను ప్రసిద్ధిగాంచి, 1997లో కీర్తిశేషులైరి. కథాకల్పన లేని వీరి రచనలలో విషయవైవిధ్యము మెండు.

‘మన లిపి: పుట్టుపూర్వోత్తరాలు’ అక్షరముల పరిణామమును దెలుపును. ‘నుడి-నానుడి’ వాడుకమాటల మూలముల నన్వేషించును. ‘గాథాసప్తశతిలో తెలుగు పదాలు’ హాలుని ప్రాకృతసంకలనమున తెలుగుజాడలను వెదకును. ‘హంపీ నుంచి హరప్పా దాక’ స్వీయచరిత్ర. దానికి వీరి మరణానంతరము కేంద్ర సాహిత్య అకాడమి పురస్కారము లభించెను.

భాషాసంబంధములైన మూడింటికిని ప్రయోగమే ప్రమాణము. హాలుని గాథలలో ‘అత్త’, ‘పొట్ట’ వంటి పదములు గానవచ్చుటచే, నన్నయకు శతాబ్దములకు ముందే మన నుడులు జనవ్యవహారమున నుండెనని యూహింపవచ్చును. అయినను ‘అత్త’ కన్నడ తమిళములకును సజాతీయమే. కావున నొక్కొక్క పదమును విడిగా పరీక్షించియే నిర్ణయింపవలెను.

లక్ష్యము ననుసరించియే లక్షణము పుట్టునని వైయాకరణు లెఱుగుదురు. ఐనను గ్రామ్యమను పేరిట పెక్కు పదములను మన మనాదరించితిమి. కరవున నూరువిడిచిపోవు కాపుతో నాతని సేద్యపుమాటలును పోవుచున్నవి. పాఠశాలాపండితులు తమ విద్యార్థులచే పెద్దల నుడులను వ్రాయించి భద్రపఱచినచో, రామచంద్రగారు చూపిన త్రోవ కొనసాగును. ఆలస్యమైనచో వ్యాకరణము మిగులును గాని, వ్యాకరింపదగిన మాట మిగులదు.