కంభం చెరువు

మార్కాపురం, గిద్దలూరు పట్టణముల నడుమ కంభం చెరువు కలదు. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మకు అడ్డముగా, రెండు కొండల సందున సుమారు 57 అడుగుల ఎత్తుగల కట్ట వేసిరి. విజయనగర రాజుల కాలమున వరదరాజమ్మ దీనిని కట్టించెనని ప్రతీతి. కొండలే పక్కగోడలగుటచే పొట్టి కట్టతోనే పెద్ద జలాశయమేర్పడినది. అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ సంఘము 2020లో దీనిని వారసత్వ కట్టడముగా గుర్తించినది.

అయితే కట్ట నిలిచినంత మాత్రమున చెరువు నిలువదు. కొండలపై చెట్లు నరికినచో వానకు మన్ను కొట్టుకొనివచ్చి చెరువున మేట వేయును. ఆ మేరకు నీరు తగ్గును. బావినీటిలో ఫ్లోరైడు ఎక్కువగానున్న గ్రామములు గల ఈ సీమలో ఆ నష్టము పైరుకే గాక తాగునీటికిని కలుగును. వానకు ముందు, వాన తరువాత వాగునీటిని గాజుపాత్రలలో పట్టి, అడుగున దిగిన మన్నును కొలిచి చూచిన విద్యార్థికి చెరువు ఏల పూడునో, అడవి నేల కాపాడవలెనో కంటికి కనబడును.