స్వాష్‌బక్లర్
డంజన్స్ అండ్ డ్రాగన్స్ 3.5 ఎడిషన్‌కు అనుబంధంగా 2003లో వచ్చిన ‘కంప్లీట్ వారియర్’లోని తేలిక కవచపు యోధుడి క్లాస్. ఆ నియమాల్లో నిలువెల్లా తొడిగే ఇనుప కవచం ఆర్మర్ క్లాస్‌కు (దాడి తగలకుండా కాచే అంకెకు) 8 కలిపితే, తోలు కవచం కలిపేది 2. ఈ లోటును చురుకుదనంతో పూడ్చాలన్నది ఆలోచన. మొదటి లెవెల్‌లోనే సన్నకత్తి దాడికి కండబలం బదులు చురుకుదనం లెక్కకు వస్తుంది; మూడో లెవెల్‌లో దెబ్బకు తెలివితేటల బోనస్ తోడవుతుంది. క్రిటికల్ దెబ్బలకు లొంగని శత్రువుల మీద, ముఖ్యంగా నడిచే శవాల మీద, ఆ బోనస్ చెల్లదు. అసలు బలహీనత వేరే ఉంది: ఆపై లెవెళ్లు చప్పగా ఉండడంతో మూడు తీసుకుని రోగ్ లాంటి క్లాస్‌కు మారడం ఆటగాళ్లకు పరిపాటి అయింది. 2014 నాటి అయిదో ఎడిషన్‌లో మామూలు ఫైటర్‌కే తేలిక కవచం గిట్టుబాటైంది. గుబ్బల తోలు కవచానికి ఆర్మర్ క్లాస్ 12, చురుకుదనం 20 ఉంటే మరో 5, మొత్తం 17. ఇనుప కవచానికి 18. పైగా తోలు కవచంతో పొంచి నడిచేటప్పుడు చప్పుడు బెడద లేదు.