జరంత గడ్డిమందుతో పంట పచ్చగైతదా? ఈ మాట వెనుక ఉన్న లెక్క కథ

ఇయ్యాల కొంచెం పొడుగు పోస్టు, ఓపికతోని చదవండి.

మన ఆర్మూరు దిక్కు పసుపులో మక్క వేసేటోళ్లకు గడ్డిమందు కొత్త కాదు. "జరంత తగిలితే పంట ఇంకా పచ్చగైతది" అనే మాట కూడా కొత్త కాదు. కొందరు నవ్వుతరు, కొందరు నమ్మి పంపులో మూతెడు పోస్తరు. ఇది ఉత్త పుకారు కాదు, దీనికి 130 ఏండ్లకు మించిన చరిత్ర ఉంది.

1888లో జర్మనీలో హ్యూగో షుల్జ్ అనే ఆయన ఈస్ట్ మీద విషాలు పోసి చూసిండు. ఎక్కువ పోస్తే చచ్చింది, బాగా తక్కువ పోస్తే ఇంకా హుషారుగా పొంగింది. కానీ ఆయన దాన్ని హోమియోపతికి సాక్ష్యంగ చూపెట్టబోయిండు, అందుకే శాస్త్రవేత్తలు చాలా ఏండ్లు ఆ సంగతి పక్కన పెట్టిండ్రు. 1943లో అమెరికాలో సౌథామ్, ఎర్లిచ్ అనే ఇద్దరు ఎర్ర సీడర్ చెట్టు రసంతో బూజుల మీద అదే చూసి, దానికి హార్మెసిస్ అని పేరు పెట్టిండ్రు.

ఆ కాలంలోనే 2,4-డి వచ్చింది. అది మొక్కలో ఉండే పెరుగుదల హార్మోనుకు నకలు. మోతాదు మించితే అడ్డగోలుగా పెరిగి చస్తది. అసొంటి మందు కొద్దిగా తగిలితే మొక్క పెరుగుడు వింతేం కాదు గదా.

చిక్కు వచ్చింది లెక్కల్లో. మోతాదు పెరిగిన కొద్దీ మొక్క బరువు తగ్గుతదని శాస్త్రవేత్తలు వాలుగీత గీస్తరు. సగం బరువు తగ్గించే మోతాదు ఎంతో దాంట్లనే తేలుతది. కానీ కొన్ని కుండీల్లో తక్కువ మోతాదు మొక్కలు మందు కొట్టని మొక్కల కంటే ఎక్కువ బరువు తూగినయి. పాత సూత్రంలో ఆ గూనకు జాగ లేదు, గీత తప్పుగ పడేది. 1989లో బ్రెయిన్, కజిన్స్ సూత్రానికి ఒక్క అంకె కలిపిండ్రు. అది సున్నా అయితే పాత గీతనే. సున్నా దాటితే గీత ముందు లేచి, తర్వాత పడతది. అన్ని గూనలకు అది సరిపోలేదు, 2005లో డెన్మార్క్‌లో సెడర్‌గ్రీన్, రిట్జ్, స్ట్రైబిగ్ ఇంకో సూత్రం రాసిండ్రు.

గూన నిజమా, భ్రమా అనేది అసలు ప్రశ్న. ఒక్క తీరు కుండీల్లో కూడా మొక్కలు ఎచ్చుతగ్గులుగానే పెరుగుతయి. మందు కొట్టని కుండీలు ఎక్కువ ఉండాలె, తక్కువ మోతాదులు కూడా శానా మెట్లుండాలె. అప్పుడే నమ్మకం. మన చేన్లో ఒక మూలకు పచ్చగుంటే అది మందు వల్లనా, పెంటకుప్ప పోసిన జాగ వల్లనా, ఎట్ల తెలుస్తది?

2008లో సెడర్‌గ్రీన్ బార్లీ మీద అచ్చిన ఫలితం రాసింది: గ్లైఫోసేట్ పొలం మోతాదులో 5 నుంచి 10 శాతం పడితే బరువు దాదాపు 25 శాతం పెరిగింది. ఇది విని సంబురపడకండి. ఆమె తూచింది మొక్క బరువు, మార్కెట్ల అమ్మే గింజను కాదు. మంచి చేసే ఆ సందు బాగా ఇరుకు, వాతావరణం, మొక్క వయసు మారితే సందు జరుగుతది. పైగా ఆ కొద్ది మందు పంటకే కాదు, గడ్డికీ తగులుతది, అదీ బలుస్తది.

హర్యానాలో గోధుమల గుల్లీ దండా గడ్డి మీద ఏండ్ల కొద్దీ ఐసోప్రొట్యూరాన్ ఒక్కటే కొట్టిండ్రు, చాలామంది తక్కువ మోతాదులో. 1990ల మొదట్లకు ఆ మందుకు గడ్డి చచ్చుడే మానేసింది.