దేవరకొండ నుంచి భువనగిరి దాకా... తీర్మానాలు ఏమయ్యాయి?

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో చెయ్యి పెట్టినవాళ్ళందరికీ తెలిసిన సంగతే, అక్కడ ఐడియాలకి కొదవుండదు. ఒకరు "ఇది చేస్తే బావుంటుంది" అంటారు, పదిమంది సై అంటారు. ఆర్నెల్లు పోయాక చూస్తే ఆ ప్రతిపాదన ఎక్కడుందో, ఎవరు చూస్తున్నారో ఎవరికీ తెలీదు. గట్టిగా అడుగుదామంటే ఎవరూ జీతగాళ్ళు కారాయె! పైథాన్ వాళ్ళు 2000లో దీనికో పద్ధతి పెట్టుకున్నారు. ప్రతి ప్రతిపాదనకీ ఓ నంబరు, దాన్ని భుజానేసుకునే ఓ మనిషి, ప్రస్తుతం అదే స్థితిలో ఉందో చెప్పే ఓ మాట. కాదన్నవాటిని కూడా పారెయ్యరు, కారణంతో సహా దాచిపెడతారు.

ఇదంతా కంప్యూటర్లతో పాటు పుట్టిన తలనొప్పి అనుకుంటాం గానీ, మా నల్గొండ, పాలమూరు పెద్దలు ఇంతకంటే పెద్ద తలనొప్పే పడ్డారు.

1921లో హైదరాబాదులో ఓ సంఘసంస్కరణ సభ జరిగింది. పూనా నుంచి వచ్చిన కార్వే గారు అధ్యక్షులు. అల్లంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే కొందరు గోల చేసి ఆపేశారు. ఆ అవమానంలోంచి ఆంధ్రజనసంఘం పుట్టింది. అదే పెరిగి 1930లో జోగిపేటలో ఆంధ్రమహాసభ అయింది. మొదటి అధ్యక్షుడు పాలమూరు జిల్లా మనిషి సురవరం ప్రతాపరెడ్డి. 1931లో దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావు, 1936లో షాద్‌నగర్లో కొండా వెంకటరంగారెడ్డి, 1941లో చిలుకూరులో రావి నారాయణరెడ్డి. మళ్ళీ 1944లో భువనగిరిలో రావి వారే. ఈ నాలుగు ఊళ్ళూ ఆనాటి మా రెండు జిల్లాల్లోవే.

అసలు అప్పట్లో సభ పెట్టుకోవాలంటేనే సర్కారు అనుమతి కావాలి, రాజకీయాల ఊసెత్తకూడదు. వకీళ్ళు, పత్రికలవాళ్ళు, ఊరి పెద్దలు సొంత ఖర్చుతో వచ్చి, తీర్మానాలు రాసి, చర్చించి, చేతులెత్తి ఆమోదించేవాళ్ళు. వెట్టిచాకిరీ పోవాలి, మాతృభాషలో చదువు కావాలి, సభలకి స్వేచ్ఛ కావాలి... ఏ సభ సంగతి చదివినా ఇవే మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. మన భాషలో చెప్పాలంటే, మూతపడని బగ్గుల్ని ప్రతి రిలీజుకీ మళ్ళీ తెరిచినట్టు!

"అర్జీలు పెట్టుకునే బాపతు" అని వాళ్ళని తీసిపారేసేవాళ్ళున్నారు. నాకది న్యాయంగా అనిపించదు. వాళ్ళ తీర్మానాలు రెండు రకాలు. గ్రంథాలయం పెట్టడం, తాళపత్రాలు సేకరించడం, బడి నడపడం లాంటివి వాళ్ళ చేతిలో పనులు, అవి అయ్యాయి. వెట్టి, భూమి, చదువుల భాష మాత్రం సర్కారు చేతిలో ఉన్నవి. కోడ్ రాసే ఓపిక ఎంతున్నా, కమిట్ చేసే హక్కు లేనివాడు ఏం చేస్తాడు?

అయినా సందు వెతికారు. 1928లో మాడపాటి హనుమంతరావు గారు నారాయణగూడలో తెలుగు మాధ్యమంలో ఆడపిల్లల బడి పెట్టారు. ఉస్మానియా చదువంతా ఉర్దూలో, అక్కడ గుర్తింపు దొరకలేదు. ఆయన సరాసరి పూనా వెళ్ళి కార్వే గారి మహిళా విశ్వవిద్యాలయం గుర్తింపు తెచ్చుకున్నారు. 1921 నాటి సభకి అధ్యక్షత వహించిన కార్వే గారే! పైగా ఈ వ్యవహారమంతా 'తెలంగాణా ఆంధ్రోద్యమము' పేరుతో రెండు భాగాలుగా రాసిపెట్టారు. ఉద్యమం నడిపినవాడే దాని లెక్కాపత్రం కూడా రాసిపెట్టడం మనకి అరుదు. ఇవాళ ఎవరేం ప్రతిపాదించారో, ఏది ఎక్కడ ఆగిందో తెలుస్తోందంటే ఆ ఓపిక పుణ్యమే.

ఇక భువనగిరి. అప్పటికి కమ్యూనిస్టుల మాట బాగా చెల్లుతోంది. సభ్యత్వ రుసుం అణాకి దించారు, అంటే రూపాయిలో 16వ వంతు. చూడ్డానికి చిన్న మార్పే. కానీ అసలు వెట్టి చేసేవాడు అప్పుడే లోపలికి రాగలిగాడు. అప్పటిదాకా అతని గురించి మాట్లాడింది వేరేవాళ్ళు. మితవాదులు విడిపోయారు. అచ్చం ఫోర్కే! 1945లో ఒకే పేరుతో రెండు సభలు, వాళ్ళది మడికొండలో, వీళ్ళది ఖమ్మంలో. ఎవరిది అసలు, ఎవరిది నకలు అన్న తగువు కూడా మామూలే.

ఊళ్ళలో మాత్రం ఆ తగువు ఎవరికీ పట్టలేదు. జనం నోట్లో మహాసభ 'సంగం' అయిపోయింది. వెట్టి ఆపండని సర్కారుకి రాయడం మానేసి, వెట్టికి వెళ్ళడమే మానేశారు. పదిహేనేళ్ళు కాగితం మీద తిరిగిన తీర్మానం ఊరూరా అమలైంది. దానికి చెల్లించిన ధర మాత్రం మామూలుది కాదు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణం పోయింది. ఆ తర్వాత 1951 దాకా పోయిన ప్రాణాలు వేలల్లో.

విడిపోకుండా ఉంటే ఇంత నెత్తురు పారేది కాదంటారు కొందరు. నేనొప్పుకోను. రుసుం తగ్గించకపోతే వెట్టివాడు బయటే ఉండేవాడు, తీర్మానం ఇంకో పదేళ్ళు నడిచేది. అలాగని ముందటి పదిహేనేళ్ళూ వృథా కాదు. సంగం అని పిలుచుకోవడానికి జనానికి ఓ పేరు, ఓ వేదిక అప్పటికే తయారుగా ఉన్నాయంటే ఆ అర్జీలవాళ్ళ వల్లే.

అన్నట్టు, 1952 ఎన్నికల తర్వాత హైదరాబాదు రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయింది దేవరకొండ సభ అధ్యక్షుడు బూర్గుల. అదే ఎన్నికల్లో భువనగిరి సభ అధ్యక్షుడు రావి నారాయణరెడ్డి నల్గొండ నుంచి లోక్‌సభకి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచాడు. సురవరం వనపర్తి నుంచి శాసనసభకి వెళ్ళారు. రెండు ఫోర్కులవాళ్ళూ చట్టం రాసే చోటికి చేరారన్నమాట, కాకపోతే ఎదురుబొదురు బెంచీల్లో!